తొమ్మిదో నంబరు ఎముకలు

ఆమెను వీధిలో అందరూ కార్డులమ్మ అనేవారు. లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, పుస్తకానికో కార్డు చొప్పున చేత్తో రాసి, చెక్క సొరుగుల్లో పేర్చిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక ఆ కార్డులన్నిటినీ మళ్ళీ ఆవిడ చేతే ఎక్కించారు. వంటింటి డబ్బాల మీద కూడా కొన్న తేదీ రాసి చీటీ అంటించే అలవాటు ఆమెది. "నా వీపు మీద కూడా ఒకటి అంటించమ్మా, తప్పిపోతే ఎవరైనా తెచ్చిస్తారు" అని కూతురు వేళాకోళం చేసేది. ఉన్నది ఆ ఒక్క కూతురే. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ముప్ఫై ఏళ్ళు.

లైబ్రరీ ఉద్యోగం కార్డులమ్మకు భర్త చావుతో వచ్చింది. అతను దారం మిల్లులో గోడౌను గుమస్తా. మిల్లు తాళాలన్నీ అతని దగ్గరే ఉండేవి కనుక తాళాల గుమస్తా అని పేరు పడింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం దూది గోడౌను అంటుకుంది. మంట పక్కనున్న దారం చుట్టల గదికి పాకింది. ఆ గది వెనక తలుపుకి తాళం వేసి ఉంది. చుట్టలు దొంగతనంగా బయటికి పోతున్నాయని పని గంటల్లో ఆ తలుపు వేయించడం యాజమాన్యం పెట్టిన నియమం. నలభై ఒక్కమంది కాలిపోయారు. పదిహేడు మందిని ఇంటివాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళారు. మిగిలిన ఇరవై నాలుగు శరీరాల్లో ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేకపోయింది. అన్నిటినీ ఊరి చివర శ్మశానం గోడవార ఒకే పొడుగాటి గోతిలో పూడ్చారు. హాజరు పట్టీ ప్రకారం జాడ తెలియనివాళ్ళు కూడా సరిగ్గా ఇరవై నలుగురే. లెక్క కుదిరిందని అందరూ అనుకున్నారు.

"గుమస్తాగారు తాళాల గుత్తి పట్టుకుని వెనక తలుపు వైపు పరిగెత్తడం నా కళ్ళతో చూశాను" అని వాచ్‌మన్ విచారణలో చెప్పాడు. అందుకని మిల్లు గేటు దగ్గర రాయి నిలబెట్టినప్పుడు దాని మీద మొదటి పేరు అతనిదే చెక్కించారు. కార్డులమ్మకు అప్పుడు ముప్ఫై ఒకటి, చంకలో రెండేళ్ళ పిల్ల. ఏటా ఆ రోజున రాయి దగ్గర ముందు వరసలో ఆమెకు కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ ఆమెకు ఇబ్బందిగా ఉండేది. అయినా కూర్చునేది.

ఆమె రిటైరైన ఏడాదే రోడ్డు వెడల్పు చేయడానికి శ్మశానం గోడ జరపాల్సి వచ్చింది. ఆ గొయ్యి తవ్వక తప్పలేదు. చచ్చిపోయినవాళ్ళ కుటుంబాల సంఘానికి పెద్ద, బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసిన ఒకాయన. ఆయన భార్య ఆ మంటల్లోనే పోయింది. "తీస్తే తీశారు, ఈసారైనా ఎవరి మనిషిని వాళ్ళకివ్వండి" అని ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీశాడు. చివరికి ఒక డీఎన్ఏ ల్యాబు ఒప్పుకుంది. అక్కడి డాక్టరమ్మ ఎముకలకు ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు వేసి, ముక్కలు తీసుకుంది. కుటుంబాల వాళ్ళందరినీ పిలిచి చిన్న సీసాల్లో ఉమ్మమంది.

బాబిన్ల ముసలమ్మ ఇద్దరు కూతుళ్ళను పోగొట్టుకున్న మనిషి. తానూ ఆ మిల్లులోనే బాబిన్లకు దారం చుట్టేది. సీసా చేతికిస్తే ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళూ మిల్లు ఓనరు మొహాన ఉమ్మాలని కాచుకుని కూర్చున్నాను. చివరికి సీసాలో ఉమ్మమంటున్నారు" అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. చాలా కాలానికి వాళ్ళందరూ కలిసి నవ్వడం అదే.

ఫలితాలు రావడం మొదలయ్యేసరికి మాస్టారికి తల తిరిగిపోయింది. ఎవరికి ఎవరితో ఎంత కలిసిందో పేజీలకు పేజీలు. "నీకు కొట్టిన పిండి కదమ్మా ఈ పని" అని ఆ కాగితాల కట్ట, సంఘం లాప్‌టాప్ తెచ్చి కార్డులమ్మ బల్ల మీద పెట్టాడు.

కూతురు వంశవృక్షాల సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి నేర్పింది. అందులో మనిషికో పెట్టె. తల్లిదండ్రులు పైన, పిల్లలు కింద, మధ్యలో గీతలు. ఒక్కో మనిషి ఉమ్ము ఎవరెవరితో కలిసిందో ఆ పెట్టెకు తగిలించవచ్చు. కలిసిన దాన్ని సెంటీమోర్గాన్లని ఒక కొలతలో చెబుతారు. తల్లికీ బిడ్డకీ మధ్య మూడున్నర వేలు. సొంత అన్నదమ్ములకు రెండున్నర వేల పైచిలుకు. తాతకీ మనవడికీ, మేనత్తకీ మేనకోడలికీ, తండ్రి ఒకడై తల్లులు వేరైన పిల్లలకూ పద్దెనిమిది వందలకు అటూ ఇటూ. వారం తిరక్కుండా ఈ అంకెలు ఆమెకు నోటికొచ్చేశాయి. గట్టిగా తేలినవాటికి పచ్చ చుక్క, మిగతావన్నీ తీసేయగా మిగిలినవాటికి పసుపు, తేలనివాటికి ఎరుపు పెట్టుకుంది. ప్రతి మాట కిందా అది ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాసేది. ఒకే మనిషిని మేనమామ ఒక పేరుతో, బావమరిది ఇంకో పేరుతో చెబితే రెండు పెట్టెలయ్యేవి. వాటిని పట్టుకుని ఒకటి చేసేది.

ఒకసారి మాత్రం చెయ్యి ఆగింది. పద్నాలుగో నంబరు ఎముకలు దర్జీ పనిచేసే ఒకావిడ భర్తవని తేలాయి. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడితో అంకె సరిపోయింది. చిన్నవాడితో ఒక్క సెంటీమోర్గాన్ కూడా కలవలేదు. కార్డులమ్మ దర్జీ ఆవిడ ఇంటికెళ్ళి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. ఆవిడ మిషను ఆపకుండా తల వంచుకునే, "రాయకక్కా" అంది. కార్డులమ్మ రాయలేదు. పెద్దవాడి ఉమ్ముతో మనిషి తేలిపోయాడు, చిన్నవాడి కాగితంతో పని లేదు. దాన్ని మడిచి దర్జీ ఆవిడ చేతికే ఇచ్చేసింది.

ఏడాది గడిచేసరికి ఇరవై మూడు పెట్టెలకు పచ్చ చుక్కలు పడ్డాయి. తొమ్మిదో నంబరు మాత్రం బాగా కాలిపోయింది. అందులోంచి ఏమీ రాలేదు. "మిగిలిన ఎముకలూ ఒకటే, మిగిలిన పేరూ ఒకటే" అంది డాక్టరమ్మ ఫోనులో. ఆ పేరు తాళాల గుమస్తాది. కార్డులమ్మ భర్త పెట్టెకు పసుపు చుక్క పెట్టి, తొమ్మిదో నంబరు తగిలించింది. కొత్త చోట ఇరవై నాలుగు గోతులు, ఇరవై నాలుగు చిన్న రాళ్ళు అనుకున్నారు. రాళ్ళు చెక్కేవాడికి ఇవ్వాల్సిన పేర్ల జాబితా కూడా ఆమే రాసింది.

మధ్యలో ఒక సంగతి జరిగింది. రెండు కుటుంబాలు ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయాయి. వాళ్ళ దూరపు చుట్టాలైనా దొరుకుతారేమోనని, డాక్టరమ్మ ఒప్పుకున్నవాళ్ళందరి ఫలితాలనూ చుట్టాలను వెతికిపెట్టే ఒక వెబ్‌సైట్లో కూడా పెట్టించింది. ఆ రెండు కుటుంబాలూ అలాగే దొరికాయి. తర్వాత దాన్ని తీసేయమని ఎవరికీ తోచలేదు. కార్డులమ్మ వారానికోసారి అందులో కొత్తగా కలిసినవాళ్ళ పట్టికను దింపుకుని చూసుకునేది. ఎక్కువగా ముప్ఫైలూ నలభైలూ ఉండేవి, ముత్తాతల నాటి చుట్టరికాలు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, బట్టలు ఆరేసి వచ్చి కూర్చుంది. కూతురి పట్టికలో మొదటి వరసలో కొత్తగా ఒక అమ్మాయి పేరుంది. పక్కన పదిహేడు వందల ఎనభై రెండు. వయసు పంతొమ్మిది.

ల్యాబువాళ్ళు ఎవరి సీసానో మార్చేశారనుకుంది ముందు. తర్వాత అలవాటు చొప్పున కాగితం తీసి ఒక్కొక్కటే కొట్టేయడం మొదలుపెట్టింది. అమ్మమ్మో నాయనమ్మో అయ్యే వయసు కాదు. మేనత్త కాదు, భర్తకు తోబుట్టువులే లేరు. మేనకోడలు కాదు, కూతురికీ ఎవరూ లేరు. మిగిలింది ఒకటే. ఆ పిల్లకూ తన కూతురికీ తల్లో తండ్రో ఒకరే. తన సొంత పట్టిక తీసి చూసింది, ఆ పిల్ల లేదు. భర్త మేనత్త కొడుకు కూడా అప్పట్లో సీసాలో ఉమ్మాడు. అతని పట్టిక తీసింది. కూతురితో నాలుగు వందల నలభై ఒకటి. ఆ పిల్లతో నాలుగు వందల పద్దెనిమిది.

మిల్లు తగలబడిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల.

కార్డులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుదామని గ్లాసు తీసుకుంది. నీళ్ళు పట్టకుండానే ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది. దుఃఖం రాలేదు. మళ్ళీ వచ్చి కూర్చుని ఆ పట్టికను మొదటినుంచి సరిచూసింది. అంకెలు అవే.

రెండు రోజులకు ఆ అమ్మాయే రాసింది. "నమస్తే అండి. మా నాన్న తనకు ఎవరూ లేరని చెప్పేవాడు. మీరు నాకు ఇంత దగ్గర చుట్టమెలా అయ్యారో తెలియడం లేదు. మీకు తెలిస్తే చెబుతారా?" కింద ఫోను నంబరుంది.

కార్డులమ్మ ఫోను చేసింది. ఆ అమ్మాయిది తొందరపడి మాట్లాడే గొంతు, అచ్చం తన కూతురి గొంతే. నాన్న వేరే ఊళ్ళో త్రాసులు, కాటాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడట. ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళ కిందట పోయాడట. చెప్పిన పేరు వేరు. పంపిన ఫొటోలో ప్లాస్టిక్ కుర్చీలో బక్కచిక్కిన మనిషి. ఎడమ చెవి పైఅంచు లోపలికి మడత పడి ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆ మడతను వేలితో సరిచేయబోయి అతన్ని నవ్వించేది.

"నాన్న మంచివాడేనా అమ్మా నీతో?" అని అడిగింది కార్డులమ్మ. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"మంచివాడేనండి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ ఉండనిచ్చేవాడు కాదు. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని గడియలన్నీ ఊడదీసేవాడు. స్నానాల గదికి కూడా. అమ్మ తిట్టిపోసేది. మీరు నాకేమవుతారండి?"

కార్డులమ్మ "పెద్దమ్మనవుతాను" అంది.

ఆ సాయంత్రం భర్త పెట్టె తెరిచి, చనిపోయిన తేదీ తీసేసి, ఆ అమ్మాయి చెప్పిన తేదీ వేసింది. ఎవరు చెప్పారో రాసింది. పక్కన ఇంకో భార్యకు పెట్టె గీసి, కింద ఆ పిల్లను పెట్టింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న వేసింది: మొదటి పెళ్ళి ఎలా ముగిసింది? చావు, విడాకులు, తెలియదు. 'తెలియదు' నొక్కింది. తర్వాత తొమ్మిదో నంబరును అతని పెట్టె నుంచి విడదీసింది. దానికి వేరే పెట్టె పెట్టాల్సి వచ్చింది. ఆ పెట్టెలో రాయడానికి పేరు లేదు. అది చూశాకే ఆమెకు ఏడుపొచ్చింది.

కూతురు దుకాణం నుంచి వచ్చి అంతా విని, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"అమ్మా, నీకు దండం పెడతాను. సంఘంలో చెప్పకు."

"తొమ్మిదో నంబరు ఎవరిది మరి?"

"ఎవరిదైతే మనకేం? ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరు వచ్చి అడగలేదే."

"అడిగేవాళ్ళు లేరు కాబట్టి మీ నాన్న పేరు పెట్టి పూడ్చేద్దామా?"

"నాన్న చచ్చిపోయాడు అనుకుంటూ పెరిగాను. ఇప్పుడు బతికుండి కూడా రాలేదని మళ్ళీ మొదటినుంచి పెరగాలా నేను? అందరూ నా మొహం చూసి ఏమనుకుంటారు? తాళం వేసినవాడి కూతురు అనరా?"

కార్డులమ్మ కూతురి పక్కన కూర్చోబోతే తను లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సంఘం మీటింగులు ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైగదిలో జరిగేవి. రేకుల కప్పు, గోడవార ఇనప బెంచీలు, కింది నుంచి సిరా వాసన. ఆ ఆదివారం ఇరవై మంది దాకా వచ్చారు. రాళ్ళ మీద అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో మాట్లాడుకుంటున్నారు. కార్డులమ్మ లేచి, కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పింది. ఎవరితో ఎంత కలిసింది, ఎలా సరిచూసింది, ఆ మనిషి ఎక్కడ ఏ పేరుతో బతికాడు, ఎప్పుడు పోయాడు.

మొదట మాట్లాడింది బాబిన్ల ముసలమ్మ. "తాళాలు అతని దగ్గరే ఉన్నాయిగా?"

"ఉన్నాయి."

"తలుపు మాత్రం తీయలేదు."

"తీయలేదు."

"తాను బయటపడ్డాడు."

"పడ్డాడు పిన్నీ. ఎలా పడ్డాడో నాకు తెలియదు."

"గుర్తుపట్టలేని శరీరాలన్నీ ఆ తలుపు దగ్గరే దొరికాయి. మా పిల్లలిద్దరూ వాటిల్లోనే ఉన్నారు" అంది ముసలమ్మ. ఆ తర్వాత ఆమె కార్డులమ్మతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ.

వెనక బెంచీలోంచి ఒకాయన లేచాడు. తమ్ముడు పోయినవాడు. "ఆ ఉద్యోగం ఇరవై ఆరేళ్ళు చేశావు. మా ఇళ్ళల్లో ఎవరికీ ఇవ్వలేదు. మీ ఆయన పెద్ద త్యాగమూర్తని నీకిచ్చారు" అన్నాడు. కార్డులమ్మ తలూపింది. అది నిజమే. తనకు తెలియదు అని అనబోయింది. ఆ మాట అక్కడ ఎందుకూ పనికిరాదనిపించి ఊరుకుంది. మాస్టారు రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "లాప్‌టాప్ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడు.

మెట్ల మీద దర్జీ ఆవిడ వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుంది. "నా విషయం కడుపులో దాచుకున్నావుగా అక్కా. ఇది కూడా దాచుకోలేకపోయావా?"

"నీది దాస్తే చచ్చినవాళ్ళెవరికీ అన్యాయం లేదు" అంది కార్డులమ్మ.

మిల్లు గేటు దగ్గరి రాయి మీద మొదటి పేరుకు ఎవరో సిమెంటు మెత్తారు. సరిగ్గా మెత్తకపోవడంతో రెండక్షరాలు కనబడుతూనే ఉండేవి. కూతురు దుకాణం దగ్గర్లోనే గది తీసుకుని వెళ్ళిపోయింది. బట్టలు సర్దుకుంటూ, "నువ్వు చేసింది తప్పని అనను. కానీ నిన్ను చూస్తుంటే నాకు ఊపిరాడటం లేదు" అంది. వారానికోసారి ఫోను చేస్తుంది, బాగున్నావా అంటే బాగున్నానని. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల పేరు ఎత్తనివ్వదు.

మూడు వారాల తర్వాత మాస్టారు లాప్‌టాప్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "మా వాళ్ళెవరికీ చేతకావడం లేదు. చుక్కలన్నీ కలగాపులగం చేశారు" అన్నాడు. "డాక్టరమ్మకు ఫోను చేశాను. తొమ్మిదో నంబరుది ఒక పన్ను మిగిలిందట. మళ్ళీ చూస్తానంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ పన్ను లోపల కాలకుండా కొంచెం మిగిలింది. అది ఆడపిల్లదని తేలింది. వయసు పద్నాలుగుకీ పదహారుకీ మధ్య.

హాజరు పట్టీలో ఆ వయసు పిల్ల లేదు. అప్పట్లో పనిచేసి బతికి ఉన్నవాళ్ళ ఇళ్ళకు కార్డులమ్మ ఒక్కతే తిరిగింది. కొందరు తలుపు తీయలేదు. చివరికి లారీలకు దూది బేళ్ళు ఎత్తిన ఒక ముసలాయన మంచంలోంచి చెప్పాడు. "నీళ్ళపిల్ల ఉండేదమ్మా. లారీవాళ్ళతో వచ్చింది, ఇక్కడే ఉండిపోయింది. ఎండాకాలం చుట్టల గదిలోకి బిందెతో నీళ్ళు తెచ్చేది. పేరా? ఎవరడిగారు? ఏయ్ నీళ్ళు అంటే వచ్చేది. మంటల తర్వాత కనబళ్ళేదు. భయపడి పారిపోయిందనుకున్నాం."

కొత్త చోట ఇరవై నాలుగు గోతులు తీసిన రోజున కార్డులమ్మ కూడా వెళ్ళింది. ఆమెకు కుర్చీ వేయలేదు. అడ్డుచెప్పినవాళ్ళూ లేరు. ఒక్కో నంబరు పిలిచి, పేరు చదివి, ఇంటివాళ్ళ చేతికి పెట్టె ఇచ్చారు. తొమ్మిది దగ్గర మాస్టారు ఆగి, "నీళ్ళు మోసిన అమ్మాయి" అని చదివాడు. తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. కార్డులమ్మ కదలబోయి, తాను ముట్టుకోవచ్చో లేదో తెలియక నిలబడిపోయింది. దర్జీ ఆవిడ వెళ్ళి అందుకుంది.

పన్నులోంచి వచ్చిన ఫలితాన్ని కూడా ఆ వెబ్‌సైట్లో పెట్టారు. నీళ్ళపిల్లకు దగ్గర చుట్టాలెవరూ కలవలేదు. యాభై రెండు, నలభై, ముప్ఫై ఎనిమిది, అలా ముప్ఫై ఒక్కమంది దూరపువాళ్ళు తేలారు. కార్డులమ్మ వాళ్ళను గుంపులుగా విడదీసి, ఎవరు ఎవరితో కలుస్తున్నారో గీతలు గీసి, ముప్ఫై ఒక్కమందికీ విడివిడిగా రాసింది. నలుగురు జవాబిచ్చారు. ముగ్గురికి ఏమీ తెలియదు. నాలుగో ఆయన, "మా వంశంలో తప్పిపోయిన ఆడపిల్లలు ఎవరూ లేరు, దయచేసి ఇక రాయవద్దు" అన్నాడు. ఆ జవాబును తేదీ వేసి నీళ్ళపిల్ల పెట్టెకు తగిలించి, ఆమె యాభై రెండు కలిసిన మనిషికి రెండో ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.